మస్కట్ మానిటరు

"అమ్మాయిగారండీ, ఇంట్లో అద్దం ఉంటే ఓసారి ఇప్పిస్తారా?" అన్నాడు మాణిక్యాలరావు, కంప్యూటరు బల్లని గోడ నుంచి ముందుకు జరుపుతూ.

భూలక్ష్మి తెల్లబోయింది. కంప్యూటరు చూడ్డానికి వచ్చిన మనిషి ముందు మంచినీళ్లడుగుతాడు, లేకపోతే ప్లగ్గు ఎక్కడుందని అడుగుతాడు. అద్దం అడగడమేమిటి? అయినా రాజోలు నుంచి ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చిన పెద్దమనిషి. కాదనలేక పడగ్గదిలోకి వెళ్లి మేకుకున్న అద్దం తీసుకొచ్చింది. దాని చట్రం చుట్టూ, మొహం కడుక్కునేటప్పుడు తీసి అంటించిన బొట్టుబిళ్లలు చీమల బారులా ఉన్నాయి.

మాణిక్యాలరావు ఆ అద్దాన్ని మానిటరుకి ఎదురుగా కుర్చీలో నిలబెట్టి, జారిపోకుండా తలగడ ఆనించాడు. తను బల్ల వెనక్కి వెళ్లి, గోడకీ మానిటరుకీ మధ్య పీట వేసుకుని కూర్చున్నాడు. ఇప్పుడాయనకి మానిటరు వీపూ, ఎదురుగా అద్దంలో దాని మొహమూ ఒకేసారి కనిపిస్తున్నాయి.

టీవీ మెకానిక్కు బతుకంతా టీవీ వెనకాలే. తిప్పాల్సిన మరలన్నీ వెనకుంటాయి, బొమ్మేమో ముందుంటుంది. ఇంట్లోవాళ్లని ముందు నిలబెట్టి చూడమంటే ఒకరు "వచ్చేసింది, ఆపండి" అంటారు, ఇంకొకరు "పోయింది, ఇందాకటిదే నయం" అంటారు. వాళ్లలో వాళ్లు తేల్చుకునేలోపు బొమ్మ రెండుసార్లు తలకిందులవుతుంది. అందుకని మాణిక్యాలరావు ఏ ఇంటికెళ్లినా ముందు అద్దం అడుగుతాడు. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో ఏ అద్దం ఉందో, దేనికి మూల పగిలిందో ఆయనకి తెలుసు. ఆ ఇళ్లవాళ్లకి మాత్రం ఆయన మొహం కన్నా, టీవీ వెనక నుంచి వినిపించే "ఆయ్" అన్న మాటే బాగా గుర్తు. బొమ్మ కుదిరిందంటే "ఆయ్". కాఫీ తాగుతారా అంటే "ఆయ్". పనైపోయిందా అన్నా అదే.

అద్దంలో చూశాడు. అక్షరాలన్నీ ఎదురు తిరిగి ఉన్నాయి. టీవీలో మనుషులు ఎడమవైపు నుంచి వచ్చినా కుడివైపు నుంచి వచ్చినా మనుషులే కాబట్టి ఇన్నాళ్లూ ఆ సంగతి పట్టలేదు. అసలే ఇంగ్లీషు కూడబలుక్కునే ఆయనకి అది మరీ అన్యాయంగా తోచింది. సరే, మర తిప్పుదామని వెనక తడిమాడు. గాలి పోయే సందులున్నాయి, రెండు వైర్లున్నాయి, అంతే. తిప్పడానికి ఏమీ లేదు. జేబులోంచి తీసిన స్క్రూడ్రైవరు చేతిలోనే ఉండిపోయింది.

"ఏమైందండీ?" అంది భూలక్ష్మి.

"ఏమీ కాలేదండీ. అదే తెలీట్లేదు," అన్నాడాయన.

పొద్దున్న కొట్టు తెరుస్తూనే సూరయ్య చెప్పిన మాట ఆయన చెవిలో ఇంకా గింగిర్లు కొడుతోంది. రాజోలు సెంటర్లో ఆ రిపేరు కొట్టుకి యజమాని సూరయ్య. మాణిక్యాలరావు మూలనున్న స్టూలు మీద కూర్చుని అక్కడ పనిచేయబట్టి చాలా ఏళ్లయింది. అయితే ఇప్పుడు టీవీలు చెడిపోవడం తగ్గింది. చెడినా బాగుచేయించుకునేవాళ్లు తగ్గారు. సూరయ్య ఏడాది నుంచి కంప్యూటర్లు బిగించి అమ్ముతున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. మొహమాటంగా గోడకేసి చూస్తూ చెప్పాడు: "మాణిక్యాలరావుగారూ, ఇకనించి ఇళ్లకెళ్లి కంప్యూటర్లు చూసే మనిషి కావాలండి నాకు. మీరుండగా ఇంకోర్ని పెట్టుకోడం నాకిష్టం లేదు. ఆ మస్కట్‌వాళ్లింట్లో మానిటరు మీరే చూసి రండి. కుదిరిందా, ఆ పనంతా మీదే. కుదరలేదంటే మాత్రం నన్నేం అనుకోకండేం."

ఏమనుకుంటాడు? ఆయన "ఆయ్" అన్నాడు. అన్నాడేగానీ, స్టూలు కింద నేల ఒక్కసారిగా లేకుండా పోయినట్టయింది. ఆ స్టూలు లేకపోతే పొద్దున్నే స్నానం చేసి ఎక్కడికి వెళ్లాలో ఆయనకి తెలియదు. ఇంట్లో కూర్చుంటే భార్య వీరాయమ్మ ఏమీ అనదు. ఏమీ అనకపోవడమే భరించలేడు.

"ఇంతకీ దీనికేం జబ్బండీ?" అని అడిగాడు పీట మీద నుంచే.

భూలక్ష్మి చెప్పుకొచ్చింది. ఆమె భర్త మురళీమోహన్ మస్కట్‌లో పనిచేస్తాడు. పోయినసారి సెలవుకి వచ్చినప్పుడు, అక్కడ చవకని మానిటరు మాత్రం అట్టపెట్టెలో పెట్టి విమానంలో తెచ్చాడు. మిగతా డబ్బా సూరయ్య కొట్లో బిగించారు. మస్కట్ మొహానికీ రాజోలు ఒంటికీ మొదటినుంచీ పొత్తు కుదరలేదు. తెర మీద బొమ్మలన్నీ గుమ్మడికాయలంత ఉంటాయి. మొన్న అక్కడినుంచి వచ్చిన మనిషితో మురళీమోహన్ తన ఫోటోలు సీడీలో పెట్టి పంపాడు.

"ఆయన నుదురు కనబడితే గెడ్డం కనబడదండీ. గెడ్డం దగ్గరికి వెళ్తే కళ్లు పైకెళ్లిపోతాయి. మొన్న ఫోన్లో గొంతు నీరసంగా ఉంది. జ్వరమొచ్చి తగ్గిందంటారు. నిజంగా తగ్గిందో, నాకు చెప్పట్లేదో! మనిషి మొత్తం ఒక్కసారి కనబడితే చాలండి బాబాయిగారూ, నాకు తెలిసిపోద్ది."

మాణిక్యాలరావు లేచి ఇవతలికి వచ్చాడు. పీట అక్కడే ఉంచి, అద్దం మంచం మీద పెట్టి, కుర్చీలో కూర్చున్నాడు. మరొకరి ఇంట్లో తెరకి ముందువైపు కూర్చోవడం ఆయనకి అదే మొదటిసారి. సినిమా చూడ్డానికి వచ్చిన చుట్టంలా సిగ్గేసింది.

మౌసు ఆయన మాట వినలేదు. బాణం గుర్తు కుడి మూలకి పోయిందంటే తిరిగి రాదు. బల్ల అంచుదాకా లాగాడు. చెయ్యి కిందికి జారింది, బాణం మాత్రం ఉన్నచోటే ఉంది. "అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని" అన్నట్టు మానిటరుకి ప్రాణం ఉంది, వెలుగుంది, రంగులున్నాయి, బొమ్మ మాత్రం ఒంటికి సరిపోవట్లేదు. చివరికి కొట్టుకి ఫోను చేశాడు. ఆ ఇంట్లో ఫోను కంప్యూటరు బల్ల పక్కనే ఉండటం కొంత నయమైంది.

కొట్టు మేడమీద రేవతిగారు కంప్యూటరు కోర్సు చెబుతుంది. ఆవిడ క్లాసు ఆపుకుని కిందికి వచ్చి ఫోనందుకుంది.

"అది మానిటరు తప్పు కాదండి మాస్టారూ. తనకి తగిలించింది ఏ మానిటరో కంప్యూటరుకి తెలీట్లేదు. దాని డ్రైవరు వేస్తే సరిపోద్ది."

"డ్రైవరంటే ఎక్కడుంటాదండి? వెనకాలా?"

"వెనకాల ఉండదండి. అదో చిన్న సమాచారం. మానిటరుతోపాటు సీడీ ఇస్తారు. అడగండి. లేకపోతే వెనక స్టిక్కరు మీద పేరూ నెంబరూ ఉంటాయి, అది చూసి చెప్పండి."

మాణిక్యాలరావుకి సగమే అర్థమైంది. ఆ సగం కూడా కొరుకుడు పడలేదు. ఆయన గురువు దేవదానంగారు అమలాపురంలో రేడియోలు నేర్పేటప్పుడు ఒకే మాట చెప్పేవారు, జబ్బు ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలిగితే వైద్యం సగం అయినట్టేనని. అప్పటినుంచీ ఆయన వేళ్లతోనే బతికాడు. కాలిన కండెన్సరు వాసన పడతాడు. ఊడిన టంకం చేతికి తగులుతుంది. కొబ్బరిచెట్టుకి కట్టిన యాంటెన్నా గాలికి ఊగితే తెర మీద బొమ్మ ఏ పక్కకి వాలుతుందో కళ్లు మూసుకుని చెబుతాడు. తొంభై ఆరు తుఫానుకి చెట్లతోపాటు యాంటెన్నాలన్నీ నేల కూలినప్పుడు ఊరూరూ తిరిగి మళ్లీ నిలబెట్టింది ఆయనే. ఆ తర్వాత కేబులొచ్చి వాటి పనే లేకుండా పోయింది, అది వేరే సంగతి. అంతేగానీ ఏమీ చెడకుండా చెడిన వస్తువుని ఆయన ఎన్నడూ చూడలేదు.

"అమ్మాయిగారూ, దీంతో సీడీ ఏమైనా ఇచ్చేరా అండీ?"

భూలక్ష్మి ఆలోచించింది. ఆలోచిస్తూనే ఆమె మొహం చిన్నదైపోయింది. "ఇచ్చేరండి. పాటలనుకుని ప్లేయర్లో వేసేను. ఎంతసేపటికీ పలకలేదు. పాడైపోయిందనుకుని…"

"పారేసేరా?"

"లేదండి. జామచెట్టుకి కట్టేను. చిలకలు కాయ దక్కనివ్వట్లేదని."

ఇద్దరూ పెరట్లోకి వెళ్లారు. జామచెట్టు చిటారు కొమ్మన మానిటరు డ్రైవరు ఎండకి తళతళా మెరుస్తూ గిరగిరా తిరుగుతోంది. పక్క కొమ్మ మీద చిలకొకటి నిదానంగా దోరకాయ తింటోంది. భూలక్ష్మి గెడకర్రతో సీడీని దింపింది. పోయిన వానాకాలమంతా తడిసింది కాబోలు, వెనకవైపు పొట్టు రేగిపోయి, మిగిలిన చోట పిట్టల రెట్టలు ఎండి ఉన్నాయి. మాణిక్యాలరావు దాన్ని నూతి దగ్గర కడిగి, పంచె కొంగుతో పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచి, తీసుకొచ్చి కంప్యూటర్లో పెట్టాడు. డబ్బా కాసేపు గురగురలాడి, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఆగిపోయింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ అంతే.

ఇక మిగిలింది స్టిక్కరు. వెనక్కి వెళ్లి చూస్తే స్టిక్కరు ఉంది, దాని మీద అక్షరం మాత్రం లేదు. దసరాకి పూజ చేసి పసుపు రాసి బొట్లు పెట్టడం, శుక్రవారం శుక్రవారం తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టడం. లక్ష్మీదేవి లాంటి వస్తువని చేసిన సేవకి దాని పేరే చెరిగిపోయింది. పసుపురంగు కాగితం మీద అక్కడక్కడా నల్లటి నలకలు మిగిలాయి.

"నా పూజే కొంప ముంచిందన్నమాట," అంది భూలక్ష్మి నీళ్లు నిండిన కళ్లతో నవ్వుతూ.

"ఊరుకోండమ్మా. చూద్దాం," అన్నాడు. ఏం చూడాలో ఆయనకి తెలియదు.

మళ్లీ కొట్టుకి ఫోను చేసి, రేవతిగారు ఒక్కో మెట్టూ చెబుతుంటే ఎక్కి, మానిటర్ల పేర్లన్నీ వరసగా ఉన్న చోటికి చేరాడు. అక్కడ ఆవిడ, "ఇప్పుడు మీ మానిటరు పేరు నొక్కండి," అంది. పేరు లేదని చెప్పబోయి ఆగిపోయాడు. సూరయ్య అక్కడే ఉండి వింటున్నాడేమో! "ఆయ్, నేను చూసుకుంటానండి," అని ఫోను పెట్టేశాడు. ఆ మాట ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. ఆ వరసలోకి గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడి, పెద్ద తెర ఉన్న మానిటరు పేరైతే మంచిదేమోనని ఒకటి నొక్కాడు. బొమ్మలు పెద్దవిగా ఉన్నాయంటే తెర చాలట్లేదని కదా అర్థం, అని ఆయన లెక్క. తెర మీద బొమ్మల సైజు మార్చే మీట, ఇందాక ఎంత లాగినా కదలనిది, ఇప్పుడు కదిలింది. ఆశ పుట్టి, దాన్ని ఆ చివరికంటా లాగి 'ఓకే' కొట్టాడు.

తెర నల్లబడింది. మరుక్షణం అడ్డంగా తెల్ల గీతలు లేచి, చిరిగిన గుడ్డలా కొట్టుకోసాగాయి. లోపలినుంచి సన్నగా ఈల మొదలైంది.

ఆ ఈల ఆయనకి తెలుసు! ఇన్నాళ్లూ టీవీల కడుపులో విన్నదే. మోయలేని బరువు మోస్తున్నప్పుడు కాయిలు పెట్టే ఏడుపు అది. ఇంకాసేపుంటే కాలిపోతుంది. ఆయన కుర్చీ తన్నేసుకుని వెళ్లి ప్లగ్గు ఊడబీకాడు. ఈల ఆగిపోయింది.

"పోయిందా అండీ?" అంది భూలక్ష్మి.

ఆయనకి నిలువునా చెమట పట్టింది. ఎడమ భుజం లాగుతోంది. పొద్దున్న సైకిలు తొక్కినందువల్లనుకున్నాడు. విమానమెక్కి వచ్చిన వస్తువు, మొగుడి మొహం చూడాలని ఆడకూతురు తపించిపోతున్న వస్తువు, తన చేతుల్లో పోయిందేమో! ఇన్నేళ్లలో ఆయన చేతిలో సెట్టు చచ్చిపోయిన దాఖలా లేదు. బాగుచేయలేనివి ఉన్నాయి, తను చంపినవి లేవు. భయం కన్నా ముందు దుఃఖమొచ్చింది ఆయనకి.

భూలక్ష్మి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగి, కాసేపు కూర్చుని, పరువు పక్కనబెట్టి మళ్లీ కొట్టుకి ఫోను చేశాడు. జరిగిందంతా రేవతిగారికి ఉన్నదున్నట్టు చెప్పాడు. స్టిక్కరు సంగతి, చిలకల సంగతి, ఈల సంగతి కూడా. ఆవిడ నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"ఈల రాగానే తీసేసేరు కాబట్టి బతికుంటుందిలెండి. మళ్లీ పెట్టి, అక్షరాలు మొదలవ్వగానే పైవరసలో ఎఫ్ ఎనిమిది నొక్కండి. తర్వాత సేఫ్ మోడ్ అని ఉంటాది, అది నొక్కితే బరువేం పెట్టకుండా లేస్తాది."

బతికే ఉంది. తెర ముసురుపట్టిన పొద్దులా తెలతెలవారుతూ వచ్చింది.

"ఇప్పుడు మళ్లీ ఆ పేర్ల దగ్గరికే వెళ్లండి. మొదట్లో స్టాండర్డ్ అని ఒకటుంటాది చూడండి. అది నొక్కండి, మీట మధ్యకి పెట్టండి."

"అదెవరి పేరండీ?"

"ఎవరి పేరూ కాదండి. పేరు తెలీని వాటన్నిటికీ అదే. మామూలుది. ఎంతడగాలో అంతే అడుగుద్ది, అన్నిటికీ సరిపోద్ది."

నొక్కాడు. డబ్బా ఆరి మళ్లీ వెలిగింది. బొమ్మలు చిన్నవై, ఎవరి చోట్లో వాళ్లు పద్ధతిగా కూర్చున్న పెళ్లిపంక్తిలా తెర మీద సర్దుకున్నాయి. భూలక్ష్మి ఫోటోల సీడీ పెట్టింది. ఫోటో తెరుచుకుంది. నుదుటి నుంచి చెప్పుల దాకా మురళీమోహన్, ఎడారి ఎండలో ఒక తెల్ల కారు పక్కన, బొత్తాం ఊడిన చొక్కాతో.

"మొత్తం వచ్చేసేరు!" అంది ఆమె. కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుని, ఇక ఆయన ఉన్న సంగతే మరిచిపోయింది.

మాణిక్యాలరావు ఆ ఫోటో వంక కాదు, మానిటరు వంక చూస్తూ నిలబడ్డాడు. కుదిరింది. కానీ ఏం కుదిరింది? ఒక తీగ తెగలేదు, ఒక టంకం పెట్టలేదు. తెలియక ఒక పేరు నొక్కితే చావబోయింది, ఎవరిదీ కాని పేరు నొక్కితే బతికింది. సంతోషించాలో వద్దో ఆయనకి తేలలేదు. అలసటగా ఉంది. కాళ్లు వాటంతటవే అలవాటైన చోటికి తీసుకెళ్లాయి. మానిటరు వెనక, గోడవార పీట మీద కూర్చున్నాడు. అక్కడ వెచ్చగా ఉంది.

పనైపోయాక సెట్టు వెనక పెన్సిలుతో ఏం మార్చిందీ రాసి, కింద తన పొట్టి సంతకం పెట్టడం ఆయన అలవాటు. దేవదానంగారు నేర్పిన మర్యాద అది. తర్వాత ఎప్పుడో విప్పే మెకానిక్కుకి ముందు వచ్చినవాడు చెప్పే నమస్కారం లాంటిది. ఆయన జేబులోంచి పెన్సిల్ ముక్క తీసి, నాలికతో తడి చేసి, ఆ పసుపు స్టిక్కరు దగ్గరికి వంగాడు. ఏమని రాయాలి? తను మార్చిందేమిటి? ఆలోచిస్తూ పెన్సిలు అలాగే పట్టుకున్నాడు. భుజం లాగడం ఛాతీలోకి దిగింది. గోడకి తల ఆనించాడు.

ఇవతల భూలక్ష్మి ఒక్కో ఫోటో మారుస్తూ మాట్లాడుతూనే ఉంది. "కాస్త చిక్కేరండి. అంతే. కళ్లు బాగానే ఉన్నాయి. జ్వరం కళ్లు కావవి, నాకు తెలుసు. బుగ్గ మీద ఆ గాటు గెడ్డం గీసుకున్నదే… బాబాయిగారూ, మీ ధర్మమా అని మనిషిని చూసేను."

ఫోను మోగింది. సూరయ్య.

"కుదిరిందండీ. చాలా బాగుంది," అంది ఆమె ఉత్సాహంగా. "రేవతిగారు చెప్పేరు, బాబాయిగారే చేసేరు. మధ్యలో ఈలేసిందండి, ఆయన గబుక్కున పీకేసేరు గాబట్టి సరిపోయింది, లేకపోతే తగలబడిపోను… ఆఁ… ఆఁ… అలాగే, చెప్తానండి."

ఫోను పెట్టి, తెర మీద నుంచి కళ్లు తిప్పకుండానే వెనక్కి వినబడేలా గట్టిగా చెప్పింది. "వింటన్నారా బాబాయిగారూ? సూరయ్యగారు చెప్పమన్నారు. రేపణ్ణించి ఇళ్లకెళ్లి కంప్యూటర్లు చూసే పని మీదేనంట. కొత్తోళ్లనెవర్నీ పెట్టుకోరంట."

మానిటరు వెనక నుంచి "ఆయ్" అని వినిపించలేదు.

ఆమె మరో ఫోటో మార్చింది. కాసేపాగి, "కాఫీ పెట్టనా అండీ?" అంది. అప్పుడు గానీ లేచి అవతలికి తొంగి చూడలేదు.

రాజోలు నుంచి సూరయ్య ఆటో కట్టించుకుని వచ్చాడు. డాక్టరు చూసి, ప్రాణం పోయి చాలాసేపే అయిందన్నాడు. వీరాయమ్మ ఎక్కువ ఏడవలేదు. "ఆ మెషీనేదో కుదిరిందా?" అని మాత్రం అడిగింది. కుదిరిందని సూరయ్య చెప్పాడు. చెప్పి, పక్కకి తిరిగి కండువా మొహాన కప్పుకున్నాడు.

తర్వాత చాలా రోజుల వరకూ భూలక్ష్మి ఆ బల్లని గోడవైపు జరపలేదు. జరిపించిన రోజున వంగి చూసింది. స్టిక్కరు మీద ఏమీ రాసి లేదు. దాని కింద, వైర్లు రెండూ మెలిపడిన చోట, దుమ్ములో, మొన తడిసి ఆరిన చిన్న పెన్సిల్ ముక్క పడి ఉంది.